ఆర్కుట్ పోయింది, స్కైప్ పోయింది... ఇంటి జ్ఞాపకాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

కడప, రాయచోటి, రాజంపేట వైపు మొహల్లాల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురైనా కువైట్‌లోనో సౌదీలోనో ఉంటారు. ఆ ఇళ్లలో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడే పద్ధతి తరానికోసారి మారుతూ వచ్చింది. దాదీల కాలంలో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పి, ఆ క్యాసెట్‌ను గల్ఫ్ వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. తర్వాత ఐఎస్‌డీ బూత్ వచ్చింది. ఆ తర్వాత నెట్ సెంటర్లో యాహూ మెసెంజర్, స్కైప్. ఇప్పుడు వాట్సాప్.

చిత్రమేమిటంటే, ఆనాటి క్యాసెట్ బీరువాలో దొరికితే అబ్బా గొంతు ఇప్పటికీ వినొచ్చు. పదిహేనేళ్ల కిందటి యాహూ చాట్ మాత్రం ఎంత వెతికినా దొరకదు. పాతది మిగిలింది, కొత్తది పోయింది. కారణం చిన్నదే. క్యాసెట్ ఇంట్లో ఉంది. చాట్ కంపెనీ దగ్గర ఉంది.

'పాత ఇంటర్నెట్టే బాగుండేది' అనే మాట ఈ మధ్య ప్రపంచమంతా వినిపిస్తోంది. ఆ బెంగలో నుంచే 'వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్క్‌లు' అనే ఆలోచనకు మళ్లీ బలం వచ్చింది. అవి ఏమిటి, ఎలా పనిచేస్తాయి, రాయలసీమలోని ఒక మామూలు కుటుంబానికి వాటితో పనేమిటి అన్నది ఈ వ్యాసం విషయం.

నెట్ సెంటర్ రోజులు

భారతదేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ముందు పెద్ద నగరాల్లో దాన్ని మొదలుపెట్టింది. 1998లో ప్రైవేటు కంపెనీలకూ అనుమతి దొరికింది. కర్నూలు, కడప లాంటి ఊళ్లలో చాలామంది నెట్‌ను మొదట చూసింది ఇంట్లో కాదు, నెట్ సెంటర్లో.

చిన్న అంగడి, ప్లైవుడ్ అరలు, ఒక్కో అరలో ఒక కంప్యూటర్, గంట లెక్కన డబ్బు. ఎంసెట్ ఫలితాల రోజు రోడ్డు దాకా క్యూ. గల్ఫ్ నుంచి వీసా కాపీ మెయిల్‌లో వస్తే ప్రింటు తీయించుకునేది అక్కడే. ఆదివారం సాయంత్రం అమ్మీలు, ఖాలాలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునేవారు. గొంతు ముందొచ్చేది, బొమ్మ తర్వాత వచ్చేది, మధ్యలో లైన్ తెగేది. అయినా మనిషి కనిపించాడన్న తృప్తితో ఇంటికి వెళ్లేవారు.

2011లో సైబర్ కేఫ్ నిబంధనలు వచ్చాయి. గుర్తింపు కార్డు చూపించి రిజిస్టర్‌లో పేరు రాయడం తప్పనిసరైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర బాగా పడిపోయింది, ఫోన్ అందరి చేతుల్లోకి వచ్చింది. నెట్ సెంటర్లు చాలావరకు జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల అంగళ్లుగా మారిపోయాయి.

బెంగ దేని మీద?

ఆ రోజుల్ని తలచుకునే వాళ్లెవరూ డయలప్ మోడెమ్ చప్పుడు మళ్లీ రావాలని కోరుకోరు. కోరుకునేవి వేరే ఉన్నాయి.

మొదటిది, చిన్న చిన్న గుంపులు. ఆర్కుట్‌లో కాలేజీ పేరుతో, ఊరి పేరుతో కమ్యూనిటీలు ఉండేవి. అక్కడ మాట్లాడేది తెలిసినవాళ్లు, లేదా తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు.

రెండోది, వరుస. ఎవరు ముందు రాస్తే అది కింద, ఎవరు తర్వాత రాస్తే అది పైన. ఇప్పుడు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏది ముందు కనిపించాలో కంపెనీ అల్గారిదమ్ నిర్ణయిస్తుంది. సొంత చెల్లెలు నిఖా ఫోటో పెట్టినా అది కనిపించేలోపు పది ప్రకటనలు, ముక్కూమొహం తెలియని వాళ్ల పది వీడియోలు దాటాలి.

మూడోది, వెళ్లి రావడం. నెట్ అనేది ఒక చోటు. గంట కూర్చుని, లేచి ఇంటికి వచ్చేవారు. ఇప్పుడది జేబులో కూర్చుని పిలుస్తూనే ఉంటుంది.

అయితే పాత రోజుల్ని మరీ పొగడాల్సిన పని కూడా లేదు. నెట్ సెంటర్లో మగపిల్లలు కూర్చున్నంత ధైర్యంగా ఆడపిల్లలు కూర్చోలేకపోయారు. డబ్బున్నవాడికే ఎక్కువసేపు. అన్నిటికంటే పెద్ద లోటు భాష. ఇంగ్లిషు అక్షరాలు రానివాళ్లకు అక్కడ చోటే లేదు.

తెలుగు, ఉర్దూ నెట్‌లోకి ఎలా వచ్చాయి

నెట్‌లో తెలుగువాళ్లు మొదట గుమిగూడిన పెద్ద చోట్లలో యూజ్‌నెట్ ఒకటి. 1979లో అమెరికాలో ఇద్దరు విద్యార్థులు, టామ్ ట్రస్కాట్, జిమ్ ఎలిస్, ఊహించిన ఏర్పాటు అది. దానికి ఒక యజమాని లేడు. ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్‌లో రాసింది పక్క విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి ఇంకో దానికి నకలై వెళ్లేది. 1990ల మొదట్లో అందులో తెలుగువాళ్లకు ఒక వేదిక ఏర్పడింది. దాని ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలతో 'స్కిట్' అని పిలుచుకునేవారు. అక్కడ తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే రాసేవారు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తే చదవడం కష్టమని హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి తయారుచేశారు. ఆర్‌టీఎస్ అనే ఆ పద్ధతి ఇప్పటికీ తెలుగు టైపింగ్ పరికరాల్లో ఉంది.

తర్వాత యాహూ గ్రూపులు వచ్చాయి. 'రచ్చబండ' లాంటి తెలుగు గ్రూపులు అందులోనే నడిచాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున 'పద్మ' అనే పరికరాన్ని కూడా తయారుచేశారు. అప్పట్లో ఒక్కో తెలుగు పత్రిక సొంత ఫాంటు పెట్టుకునేది. ఆ ఫాంటు లేకపోతే తెరమీద అంతా పిచ్చి గీతలే. పద్మ ఆ గీతల్ని అందరికీ ఒకటే అయిన యూనికోడ్ తెలుగులోకి మార్చేది. లేఖినిలో కీబోర్డు మీద ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పడేది.

ఉర్దూ కథ ఇంకా ఇబ్బందిగా నడిచింది. ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లో నస్తాలీఖ్ లిపి అందంగా వచ్చేది. కానీ దాన్ని నెట్‌లో పెట్టాలంటే పేజీని బొమ్మగా మార్చి పెట్టాల్సి వచ్చేది. బొమ్మలో ఉన్న మాటను గూగుల్ వెతకలేదు, ఎవరూ కాపీ చేసుకోలేరు. అందుకే ఉర్దూ పత్రికలు ఆ రోజుల్లో బొమ్మలుగా పెట్టిన రాతలు ఇప్పుడు వెతికినా తగలవు. చాట్‌లో ఉర్దూ, దక్కనీ రెండూ ఇంగ్లిషు అక్షరాల్లోనే సాగాయి. ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్న కర్నూలులో కూడా కుర్రాళ్లు ఫోన్లో దక్కనీని ఆ అక్షరాల్లోనే కొడుతుంటే, దానికి వెనుక ఆ పాత అలవాటు కూడా ఉంది.

మూతపడిన చోట్లు

2009 నుంచి ఇప్పటిదాకా తెలుగు ఇళ్లలో వాడిన ఎన్ని సేవలు మూతపడ్డాయో ఒకసారి వరుసగా చూస్తే విషయం తెలుస్తుంది.

* జియోసిటీస్ (ఉచితంగా సొంత పేజీలు పెట్టుకునే చోటు): 2009 అక్టోబరులో యాహూ మూసేసింది.
* ఆర్కుట్: 2004 జనవరిలో మొదలైంది. 2014 సెప్టెంబరు 30న గూగుల్ మూసేసింది.
* యాహూ మెసెంజర్: 2018 జూలై 17తో ఆగిపోయింది.
* గూగుల్ ప్లస్: మామూలు ఖాతాలు 2019 ఏప్రిల్‌లో పోయాయి.
* యాహూ గ్రూప్స్: పాత సందేశాలు, ఫోటోలు తీసేయడం 2019 డిసెంబరులో మొదలైంది. 2020 డిసెంబరు 15న మొత్తం మూసేశారు.
* టిక్‌టాక్: 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. చిన్న ఊళ్ల కుర్రాళ్లు, గృహిణులు కూడబెట్టుకున్న అభిమానులు ఒక్క రాత్రిలో పోయారు.
* కూ: తెలుగుతో సహా భారతీయ భాషల కోసం 2020లో వచ్చింది. 2024 జూలైలో మూతపడింది.
* స్కైప్: 2025 మే 5న మైక్రోసాఫ్ట్ ఆపేసింది.

వీటిలో కొన్ని నష్టాల వల్ల పోయాయి, కొన్ని యజమానికి ఆసక్తి తగ్గి పోయాయి, ఒకటి ప్రభుత్వ ఆదేశంతో పోయింది. కారణం ఏదైనా వాడేవాళ్లకు మిగిలింది ఒకటే. 'ఫలానా తేదీలోపు మీ ఫోటోలు దించుకోండి' అని ఇంగ్లిషులో ఒక మెయిల్. మెయిల్ చూసే అలవాటు లేనివాళ్లకు అదీ లేదు.

కాగితం మాత్రం భద్రమా అంటే, కర్నూలువాసుల్ని అడిగితే చెబుతారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. పాతబస్తీ ఇళ్లలో బీరువాలు మునిగాయి. పెళ్లి ఆల్బమ్‌లు, సర్టిఫికెట్లు, తాతల ఫోటోలు బురదలో ముద్దయ్యాయి. జియోసిటీస్ మూతపడింది కూడా సరిగ్గా ఆ నెలలోనే. ఇంట్లో ఒక్కచోటే ఉన్నది వరదకు పోయింది, కంపెనీ దగ్గర ఒక్కచోటే ఉన్నది మూతకు పోయింది. తప్పు కాగితానిదీ కాదు, కంప్యూటర్‌దీ కాదు. 'ఒక్కచోటే' అన్నదానిది.

యూజ్‌నెట్ కథ దీనికి తారుమారు. అక్కడ రాసింది వందల కంప్యూటర్లలో నకలై ఉండేది. టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ అనే ఉద్యోగి 1981 నుంచి ఆ సందేశాల్ని టేపుల మీద దాస్తూ వచ్చారు. 1995లో డెజా న్యూస్ అనే సంస్థ కూడా దాచడం మొదలుపెట్టింది. ఈ రెండూ తర్వాత గూగుల్ చేతికి వచ్చాయి. అందుకే 1980ల నాటి సంభాషణలు ఇప్పటికీ చదవడానికి దొరుకుతాయి. 2024 ఫిబ్రవరిలో గూగుల్ యూజ్‌నెట్ కొత్త సందేశాల్ని తీసుకోవడం ఆపేసింది. అయినా యూజ్‌నెట్ ఆగలేదు. నడిపేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి.

వికేంద్రీకరణ అంటే...

మాట బరువుగా ఉన్నా విషయం రోజూ చూసేదే. రాయచోటిలో బీఎస్‌ఎన్‌ఎల్ ఫోన్ నుంచి చేస్తే కువైట్‌లో వేరే కంపెనీ సిమ్ మోగుతుంది. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉండాల్సిన అవసరం లేదు. పైగా 2011 జనవరి నుంచి దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. కంపెనీ నచ్చకపోతే నంబర్ అదే ఉంచుకుని ఇంకో కంపెనీకి మారొచ్చు. చుట్టాలకు కొత్త నంబర్ చెప్పుకునే బాధ లేదు.

ఈమెయిల్ కూడా ఇంతే. జీమెయిల్ నుంచి యాహూకు, యాహూ నుంచి ఆఫీసు మెయిల్‌కు ఉత్తరం వెళ్తుంది. 1982లో రాసుకున్న ఒక ఉమ్మడి నియమం మీద అందరూ నడుస్తున్నారు కాబట్టి అది కుదిరింది.

సోషల్ మీడియాలో ఈ రెండు సౌకర్యాలూ లేవు. ఫేస్‌బుక్‌లో ఉన్న మామ రాసింది చదవాలంటే ఫేస్‌బుక్‌లోనే ఉండాలి. బయటికి వస్తే మామ రాడు, ఫోటోలు రావు, స్నేహితుల జాబితా రాదు. వదిలే స్వేచ్ఛ ఉంది కానీ వెంట తీసుకెళ్లే వీలు లేదు. ఒంటరిగా పోవాలి.

ఈ గోడ మొదటి నుంచీ లేదు. గూగుల్ టాక్ 2005లో వచ్చినప్పుడు ఎక్స్‌ఎంపీపీ అనే ఉమ్మడి నియమం మీద వచ్చింది. 2006 నుంచి వేరే సర్వర్ల వాళ్లతో కూడా అందులోంచి మాట్లాడగలిగేవారు. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చినప్పుడు గూగుల్ ఆ తలుపు మూయడం మొదలుపెట్టింది. వాట్సాప్ కూడా లోపల ఆ నియమాన్నే మార్చుకుని మొదలైంది, కానీ బయటివాళ్లకు తలుపు తీయలేదు. 2014లో దాన్ని ఫేస్‌బుక్ దాదాపు 1900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ధర యాప్ ఒక్కదానికే కాదు. లోపల కూర్చున్న మనుషులందరికీ కలిపి.

కొత్త ఏర్పాట్లు: మాస్టొడాన్, బ్లూస్కై

మాస్టొడాన్‌ను 2016లో ఓయిగెన్ రోచ్‌కో అనే జర్మనీ యువకుడు విడుదల చేశాడు. చూడ్డానికి ట్విట్టర్ లాగే ఉంటుంది. కానీ అది ఒకే కంపెనీ నడిపే సైట్ కాదు. ఎవరైనా తమ సర్వర్ మీద దాన్ని పెట్టుకోవచ్చు. ఒక కాలేజీ, ఒక లైబ్రరీ, పది మంది స్నేహితులు, ఎవరైనా. ఖాతా పేరు ఈమెయిల్ లాగే రెండు భాగాలుగా ఉంటుంది. ముందు మనిషి పేరు, తర్వాత సర్వర్ పేరు. ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్లను అనుసరించొచ్చు, జవాబు రాయొచ్చు.

ఇది కుదరడానికి కారణం యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి నియమం. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో దాన్ని ఆమోదించింది. ఆ నియమం పాటించే సేవలన్నిటినీ కలిపి 'ఫెడివర్స్' అంటారు. ఫోటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ ఉన్నాయి. మెటా కంపెనీ థ్రెడ్స్ కూడా కొంతవరకు దీనితో కలిసింది.

మాస్టొడాన్‌లో పోస్టులు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. సర్వర్ మారాలనుకుంటే అనుచరుల్ని వెంట తీసుకెళ్లొచ్చు. పాత పోస్టులు మాత్రం కొత్త సర్వర్‌కు రావు. వాటిని ఫైలుగా దించుకుని దాచుకోవచ్చు.

బ్లూస్కై ఆలోచన 2019లో ట్విట్టర్ లోపలే పుట్టి, తర్వాత వేరే కంపెనీ అయింది. 2024 ఫిబ్రవరి నుంచి ఎవరైనా చేరే వీలు కల్పించింది. మనిషి గుర్తింపును, అతని పోస్టుల్ని కంపెనీ నుంచి విడదీసి, కావాలంటే ఇంకో చోటికి మార్చుకునేలా దాని నియమం తయారైంది. అయితే ప్రస్తుతానికి ఎక్కువమంది ఆ ఒక్క కంపెనీ సర్వర్ల మీదే ఉన్నారు. మార్చుకునే వీలు ఉండటం వేరు, నిజంగా చెదిరి ఉండటం వేరు.

మన దేశంలో ఏం జరిగింది?

2019 అక్టోబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. దానికి నిరసనగా చాలామంది భారతీయులు మాస్టొడాన్‌లో చేరారు. పత్రికల్లో ఆ పేరు దేశమంతా తెలిసింది అప్పుడే. కానీ స్నేహితులంతా ట్విట్టర్‌లోనే ఉన్నారు కాబట్టి చాలామంది వెనక్కి వచ్చేశారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక ప్రపంచవ్యాప్తంగా మళ్లీ ఒక పెద్ద వలస నడిచింది. ఆ వచ్చినవాళ్లలోనూ అందరూ నిలబడలేదు.

దీనికి చాలా ముందే దేశంలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు డయాస్పోరా అనే వికేంద్రీకృత నెట్‌వర్క్ సర్వర్‌ను చందాలతో ఏళ్లపాటు నడిపారు. ఇలాంటివి పదిమంది ఓపిక మీద నడుస్తాయి. దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి.

లోపాలు కూడా తెలుసుకోవాలి

ఒకటి, మనుషులు లేరు. మాస్టొడాన్‌ను చురుగ్గా వాడేవాళ్లు ప్రపంచమంతా కలిపినా లక్షల్లోనే. వాట్సాప్ వాడేవాళ్లు ఒక్క భారతదేశంలోనే కోట్లలో ఉన్నారు. నానీ, చాచా లేని చోటికి కుటుంబం వెళ్లదు.

రెండు, చిన్న సర్వర్ కూడా మూతపడొచ్చు. మాస్టొడాన్.లోల్ అనే సర్వర్‌ను వేల మంది వాడేవారు. నడిపే మనిషి వేధింపులు తట్టుకోలేక 2023లో దాన్ని మూసేశాడు. ముందుగా గడువు ఇచ్చాడు కాబట్టి జనం వేరే సర్వర్లకు మారగలిగారు.

మూడు, గుట్టు. మాస్టొడాన్‌లో ఇద్దరి మధ్య పంపుకునే సందేశాలకు వాట్సాప్‌లో ఉన్నంత తాళం లేదు. సర్వర్ నడిపేవాళ్లు చూడాలనుకుంటే చూడొచ్చు. ఇంటి విషయాలు, ఆడవాళ్ల ఫోటోలు అక్కడ పెట్టడం సరికాదు. ఆ పనికి వాట్సాప్, సిగ్నల్ లాంటివే మేలు.

నాలుగు, కాపలా. ద్వేషం రాసేవాళ్లను, అబద్ధాలు పుట్టించేవాళ్లను ఎవరు ఆపాలి? ప్రతి సర్వర్‌కూ సొంత నిబంధనలు ఉంటాయి, చెడ్డ సర్వర్‌తో సంబంధం తెంచుకునే హక్కూ ఉంటుంది. నడిపేది మంచి మనిషైతే మొహల్లా పెద్ద ఉన్నట్టే. కాకపోతే ఫిర్యాదు చేసుకునే పై ఆఫీసు ఉండదు.

కడప బంగళా చెప్పే సంగతి

నకళ్లు చాలా చేతుల్లో ఉంటే ఏమవుతుందో కడపకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ తర్వాత అక్కడే ఒక బంగళా కొన్నాడు. సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను పెట్టుకున్నాడు. ఒకే పుస్తకానికి వేర్వేరు ఊళ్ల తాళపత్రాలు తెప్పించి, పోల్చి చూసి, శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాల్ని 1829లో అచ్చు వేయించాడు. ఏ ఒక్క ఇంటి అటకమీదో ఒక్క ప్రతే ఉండి ఉంటే చెదలకో, అగ్గికో ఎప్పుడో పోయేవి. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి.

బ్రౌన్ చేసిన పనిలోనూ, యూజ్‌నెట్ టేపుల్లోనూ, మాస్టొడాన్ సర్వర్లలోనూ ఉన్నది ఒకటే సూత్రం. విలువైనది ఒక్కచోట ఉండకూడదు. ఆ ఒక్కచోటు వేరొకరిది అసలు కాకూడదు. ఒక కుటుంబం మాస్టొడాన్‌లో చేరకపోయినా ఫరవాలేదు. ఈ సూత్రం మాత్రం ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

ఇంట్లో చేయదగిన పనులు

ఫోన్ నంబర్: వాట్సాప్ ఖాతా నంబర్‌కు కట్టి ఉంటుంది. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు అసలే వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు, తర్వాత అదే నంబర్ వేరొకరికి పోవచ్చు. వాట్సాప్ కూడా సాధారణంగా 120 రోజులు వాడని ఖాతాను తీసేస్తుంది. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇక్కడి నంబర్‌కు రీచార్జ్ చేయిస్తూ ఉండాలి. లేదంటే వాట్సాప్ సెట్టింగుల్లో 'చేంజ్ నంబర్' ద్వారా కొత్త నంబర్‌కు మారాలి.

ముఖ్యమైన చాట్‌లు: డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కదా అని ఊరుకోకూడదు. ఆ బ్యాకప్‌ను వాట్సాప్ తప్ప ఇంకేదీ తెరవలేదు. చాట్ లోపల 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కితే మాటలు మామూలు టెక్స్ట్ ఫైలుగా, వాయిస్ మెసేజ్‌లు విడిగా వస్తాయి. పోయిన పెద్దల గొంతులు ఉన్న చాట్‌లను ముందు ఇలా దించుకోవాలి.

గూగుల్ ఖాతా: రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను, అందులోని మెయిల్, ఫోటోలతో సహా తొలగించే నియమాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. చనిపోయిన అబ్బా ఖాతాలో ఫోటోలు ఉంటే ఆలస్యం చేయకూడదు. బతికున్నవాళ్లు 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్'లో కొడుకు పేరో కూతురి పేరో ముందే ఇచ్చి పెట్టుకోవచ్చు. మొత్తం సామాను దించుకోవడానికి 'గూగుల్ టేకౌట్' ఉంది.

ఫేస్‌బుక్: సెట్టింగుల ద్వారా ఫోటోలు, పోస్టులు తెచ్చుకోవచ్చు. తర్వాత ఖాతా చూసుకునే మనిషిని 'లెగసీ కాంటాక్ట్'గా పెట్టుకోవచ్చు.

రెండు నకళ్లు, రెండు ఇళ్లు: పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్మకూడదు. ఒక హార్డ్‌డిస్క్ కర్నూలు ఇంట్లో ఉంటే ఇంకొకటి కడపలోనో హైదరాబాద్‌లోనో ఉన్న అక్క ఇంట్లో ఉండాలి. ఏడాదికోసారి తెరిచి చూడాలి.

పాత క్యాసెట్లు: టేప్ ఏడాదికేడాది బలహీనపడుతుంది. పనిచేసే టేప్‌రికార్డర్ దొరికినప్పుడే కంప్యూటర్‌కో ఫోన్‌కో ఎక్కించుకోవాలి. ఎక్కించాక క్యాసెట్‌ను పారేయకూడదు.

పేర్లు రాయడం: ఫోటో ఉన్నా అందులో ఎవరున్నారో తెలియకపోతే సగం పోయినట్టే. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తెలుగులోనో ఉర్దూలోనో టైపు చేసి పెట్టాలి. కాగితం మీద రాసి ఫోటో తీయడం కంటే టైపు చేస్తేనే తర్వాత వెతకడానికి దొరుకుతుంది.

మొహల్లా, కాలేజీ గ్రూపులు: అడ్మిన్ ఒక్కరే ఉండకూడదు. సభ్యుల పేర్లు, నంబర్లు ఒక పుస్తకంలోనూ ఉండాలి. ముఖ్యమైన ప్రకటనలు వాట్సాప్‌తో పాటు ఈమెయిల్‌లోనూ పంపే అలవాటు ఉంటే ఏ యాప్ పోయినా జనం చెదిరిపోరు. కుర్రాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లు ఉంటే పాత విద్యార్థుల సంఘానికో, గ్రంథాలయానికో ఒక మాస్టొడాన్ ఖాతా తెరిచి చూడొచ్చు. చేరడానికి డబ్బు అవసరం లేదు. తెలుగులోనూ ఉర్దూలోనూ రాసుకోవచ్చు.

అడిగి పెట్టడం: ఎవరి ఫోటో అయినా, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లది, పిల్లలది, వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. వికేంద్రీకృత నెట్‌వర్క్‌లో ఇది ఇంకా గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒకసారి వేరే సర్వర్లకు నకలై వెళ్లినదాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోవడం కష్టం. నకళ్లు దాచడానికి ఎంత మంచివో, దాగాల్సిన దానికి అంత ప్రమాదం.

ఈ పనులన్నీ ఒక్కరోజులో అయ్యేవి కావు. మొదలుపెట్టాల్సింది మాత్రం ఎక్కువ ముప్పులో ఉన్నదానితో. చాలా ఇళ్లలో అది పెద్దవాళ్ల ఫోన్‌లోని వాయిస్ మెసేజ్‌లు. కువైట్ నుంచి క్యాసెట్‌లో వచ్చిన గొంతు ఇన్నేళ్లు నిలిచింది, ఎందుకంటే దాన్ని ఎవరో ఒకరు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. నిన్న వాట్సాప్‌లో వచ్చిన గొంతుకు ఆ బీరువా ఇంకా ఎవరూ చూపించలేదు.